యెరూషలేముకు బ్యాంకాక్‌లో మారాలి

గుంతకల్లులో పుట్టి పెరిగినవాళ్లకు ఏ ఊరి పేరు చెప్పినా ముందు పుట్టే అనుమానం ఒకటే. దారిలో బండి ఎక్కడ మారాలి? ఆ రోజు జయచంద్ర ఆఫీసు నుంచి పరువుతో బయటపడ్డాడంటే అది ఆ అనుమానం చలవే.

సంగతేమంటే, రైల్వేలో పనిచేసేవాళ్లు దేశం దాటాలంటే పైవాళ్ల అనుమతి కావాలి. జయచంద్ర ఇంజన్ల షెడ్డులో ఫిట్టరు. భార్య కృపాకుమారి స్టేషన్లో ఎంక్వైరీ కౌంటరులో కూర్చుంటుంది. ఇద్దరి కాగితాలూ పట్టుకుని అతను ఆఫీసుకు పోతే, గుమాస్తా ఎర్రన్న అందులో థాయిలాండు అన్న మాట చూసి కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టాడు. "ఏమప్పా జయచంద్రా, బ్యాంకాక్‌కు పెండ్లాన్ని ఎంటబెట్టుకొని పొయ్యే మొగోన్ని నిన్నే చూస్తాండా" అన్నాడు. పక్క బల్లల వాళ్లు పనులాపి మరీ నవ్వారు. జయచంద్రకు యాభై ఆరేళ్లు. ఒకరి మీద జోకు వేసి ఎరుగడు, వేయించుకోనూ ఎరుగడు. ఆసుపత్రికి పోతున్నామని ఒక్క మాట అనగలిగితే ఆ నవ్వు అక్కడే ఆగిపోయేది. ఆ మాటే అతనికి గొంతు దాటలేదు.

"ఆడ బండి మారేదానికన్నా. మేము పొయ్యేది యెరూషలేముకు" అనేశాడు.

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. ఎర్రన్న కళ్లద్దాలు దించుకుని, నమస్కారం కూడా పెట్టి, నన్ను కూడా తలుచుకోప్పా అన్నాడు. తూర్పున ఉన్న ఊళ్లో దిగి పడమటికి పోవడమేమిటని ఒక్కడూ అడగలేదు. ఎక్కడెక్కడివాళ్లో గుంతకల్లులో దిగి, అరుగుల మీద పడుకుని లేచి, ఇంకో బండెక్కి పోవడం రోజూ చూసేవాళ్లు. బ్యాంకాక్ కూడా అలాంటి జంక్షనేననుకున్నారు.

అబద్ధం ఆఫీసులో ఉండిపోయినా బాగుండేది. సాయంత్రానికి కాలనీకి నడిచి ఎలిజబెత్ చెవిలో పడింది. ఎలిజబెత్ జయచంద్రకు అక్క. తల్లి పోతే తమ్ముణ్ణి తనే పెంచింది. భర్త పోయాక చర్చినే ఇల్లు చేసుకుంది, స్త్రీల సమాజానికి పెద్ద. తమ్ముడు బిడ్డ కోసం మొక్కుకోవడానికి పరిశుద్ధ దేశం పోతున్నాడని వినగానే ఆమె ఏడ్చింది. నిజమా కాదా అని ఎవరినీ అడగలేదు. ఆదివారం ఆరాధనలో లేచి అందరికీ చెప్పేసింది.

కృపకు ఆ సంగతి తెలిసింది కూడా అక్కడే, ఆడవాళ్ల వరుసలో కూర్చుని ఉండగా. పాస్టరు తిప్పేస్వామి ఆమెను ముందుకు పిలిచి నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయన కళ్లు మూసుకున్నాడు, సంఘమంతా కళ్లు మూసుకుంది, కృప ఒక్కతే కళ్లు తెరిచి మగవాళ్ల వైపు మొగుణ్ణి వెతికింది. జయచంద్ర గట్టిగా కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆ మూయడంలో భక్తి ఎంతో భయం ఎంతో ఆమెకు తెలుసు.

ఇంటికొచ్చాక దులిపేసింది. కృప మాట దాచుకునే మనిషి కాదు. ఎంక్వైరీ కౌంటరు ముందు నిలబడి బండెప్పుడొస్తుంది తల్లీ అని ముసలివాళ్లు దీనంగా అడిగినా, వచ్చేస్తుందిలే అని ఓదార్చే రకం కాదు. మూడు గంటలు లేటు, పోయి అన్నం తినిరా అని మొహానే చెప్పేస్తుంది. అలాంటి మనిషిని పట్టుకుని యెరూషలేము యాత్రికురాలిని చేసి కూర్చోబెట్టాడు ఈ మహానుభావుడు.

అతని వైపు నుంచి చూస్తే అతనికీ ఒక బాధ ఉంది. అక్కచెల్లెళ్ల బాధ్యతలన్నీ తీరేదాకా ఆగి నడివయసులో పెళ్లి చేసుకున్నాడు. పెళ్లయిన రెండో ఏడు బళ్లారిలో పరీక్ష చేసి, లోపం అతనిదేనని చెప్పారు. బీజం ఉంది గానీ దారి మూసుకుపోయి బయటికి రావడం లేదు, చిన్న ఆపరేషనుతో తీసి బిడ్డను చేయొచ్చు అన్నారు. ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు. కృప కూడా చెప్పలేదు, మొదట్లో ప్రేమకొద్దీ, తర్వాత అలవాటుకొద్దీ. ఊరు మాత్రం అన్నేళ్లూ ఆమెనే గొడ్రాలంది. సీమంతాలకు పిలిచి మూలన కూర్చోబెట్టారు. పసిబిడ్డను ఎత్తుకోబోతే, పాలు తాగే వేళయిందంటూ తల్లి వెనక్కి లాగేసుకుంది. కృప అవన్నీ మింగి పక్కన కూర్చుంటే, జయచంద్ర తల దించుకుని బిరియాని తిన్నాడు. బెంగళూరులో ఒకసారి చేయించుకుంటే నిలవలేదు. మళ్లీ ధైర్యం కూడగట్టుకుని పోయేసరికి అతనికి యాభై ఐదు దాటింది. ఆ వయసు దాటిన మగవాడికి ఈ దేశంలో ఆ వైద్యం చేయకూడదని చట్టమొచ్చిందట. ఆమెకింకా నలభై నాలుగే. డాక్టరమ్మ నొచ్చుకుంటూనే తలుపు చూపించింది. అప్పుడు కృపే కనుక్కుంది, బ్యాంకాక్‌లో చేస్తారని.

కాబట్టి నిజంగా పోతున్నది ఆమె పట్టుదల మీద. పేరు మాత్రం యెరూషలేముది.

పోయే ముందు వారం రోజులు ఇంటికి సీసాలు వస్తూనే ఉన్నాయి. యొర్దాను నది నీళ్లకని. కూల్‌డ్రింకు సీసాలు, దగ్గుమందు సీసాలు, వాటి మీద తెల్ల ప్లాస్టరు అంటించి రాసిన పేర్లు. అన్నిటికన్నా చిన్నది పద్మప్రియ తెచ్చిన తేనె సీసా. పద్మప్రియ సంఘంలో అందరికన్నా నెమ్మది పిల్ల. పట్టాల మీద పనిచేసే వీరేష్ భార్య. పెళ్లయి ఐదేళ్లయింది, కడుపు పండలేదు, అత్త చిన్నక్క ఆ సంగతి పూట పూటకూ గుర్తుచేస్తుంటుంది. ఆ పిల్ల సీసా చేతికిచ్చి ఏమీ అడగకుండా నిలబడింది. కృప నిజం చెప్పేద్దామని నోరు తెరిచే లోపల ఎలిజబెత్ వచ్చి సీసా అందుకుని పెట్టెలో సర్దేసింది.

బ్యాంకాక్‌లో వాన. పుట్టి బుద్ధెరిగాక అంత వాన కృప చూడలేదు. పొద్దున కురిసి, మధ్యాహ్నం కురిసి, ఆసుపత్రికి పోయి వచ్చేలోపల మళ్లీ కురిసేది. మా ఊళ్లో ఏడాదికి పడేది ఈడ పొద్దుటి కాఫీకే పడిపోతాందని జయచంద్రతో అంది. హిందీ తెలిసిన ఒక అమ్మాయి వెంట తిరిగి అన్నీ చెప్పింది. పొట్టకు సూదులు, రోజూ రక్తం తీయడం, స్కానింగు తెరమీద చుక్కల్లా కనబడే అండాలు లెక్కపెట్టడం. అతనికీ ఆపరేషను చేశారు. పచ్చ గౌనులో ఆ పెద్ద మనిషి బల్ల మీద పడుకుని ఆమె వేలు పట్టుకున్నప్పుడు కృపకు అన్నేళ్ల కోపమూ ఒక్కసారి కరిగినట్టే అయింది. ఈ ధైర్యంలో సగం ఊళ్లో చూపించి ఉంటే ఎంత బాగుండేదప్పా అని మనసులోనే అనుకుంది.

ఆ సాయంత్రమే ఎలిజబెత్ వీడియో కాల్ చేసింది. యెరూషలేము చూపించరా అని. జయచంద్ర సిగ్నలు లేదని తప్పించుకోబోతూ ఫోను అటూ ఇటూ తిప్పితే, కిటికీలో నుంచి దూరంగా ఏదో గుడి తాలూకు బంగారు గోపురం కనబడింది. చర్చి క్యాలెండరు మీద కూడా అలాంటిదే ఒక బంగారు గోపురం ఉంటుంది. ఎలిజబెత్ అవతల మోకాళ్ల మీద పడి ఏడ్చింది. చూసినా, నా కండ్లతో చూసినా అని. జయచంద్ర ఫోను పెట్టేసి మంచం మీద కూలబడ్డాడు. కృపకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

ఒక పిండాన్ని కడుపులో పెట్టి, ఇంకొకటి మంచులో దాచి ఉంచి, జాగ్రత్తలు చెప్పి పంపించారు. గుంతకల్లులో దిగిన మర్నాడు తెల్లారేసరికి ఎలిజబెత్ గుమ్మంలో ఉంది, నీళ్లేవి అని. కృప మంచం దిగకూడదు. పెరట్లో డ్రమ్ములో చెంబు మునిగిన చప్పుడు వినబడింది. మునిసిపాలిటీ కొళాయి నీళ్లు, మొన్నెప్పుడో వదిలినప్పుడు పట్టి పెట్టినవి. జయచంద్ర అక్క కంటపడకుండా ఒక్కొక్క సీసా నింపి మూత బిగించి, గుమ్మం దాకా తెచ్చి ఆమె చేతికిస్తున్నాడు. కృప లేచి గట్టిగా అరవాల్సింది. కానీ అప్పుడు ఆమె ధ్యాసంతా తన పొత్తికడుపు మీదే ఉంది. కొళాయి నీళ్లు తాగి ఎవరికేమవుతుందిలే అనుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

నిలవలేదు. రక్తపరీక్షలో లేదని వచ్చింది. ఆ రోజు కృప డ్యూటీకి పోయి కూర్చుంది, జనాలకు బండ్లు చెప్పింది, సాయంత్రం ఇంటికొచ్చి బాత్రూములో కొళాయి తిప్పుకుని గుక్కపట్టి ఏడ్చింది. కడుపులో ఉందో లేదో తెలియని ప్రాణి కోసం అంత ఏడుపు ఎక్కడిదో ఆమెకే తెలియలేదు. జయచంద్ర తలుపు అవతల నిలబడి, కృపా కృపా అంటూ ఉండిపోయాడు. బ్యాంకాక్ డాక్టరు మాత్రం ఆ హిందీ అమ్మాయి చేత ఫోనులో నింపాదిగానే చెప్పించింది. ఒక్కోసారి అంటుకోదు, ఇంకొకటి ఉంది కదా, ఒంటికి బలం వచ్చాక రండి అని. ఆ మాట పట్టుకునే కృప లేచి కూర్చుంది. అంటుకోలేదు, అంతే. మళ్లీ చూద్దాం.

ఊరికి మాత్రం అలా కాదు. బిడ్డ కోసం యెరూషలేము పోయారని అందరికీ తెలుసు. వారాలు గడుస్తున్నాయి, కళ్లు ఆమె పొట్ట మీదికి వస్తున్నాయి, పోతున్నాయి. మెల్లగా మాట మారింది. పరిశుద్ధ దేశంలో మొక్కినా దేవుడు కాదన్నాడంటే ఆమెలో ఏదో ఉందన్నారు. చూడండి ఎంత విడ్డూరమో. ఆసుపత్రికి పోయామని చెప్పి ఉంటే వైద్యం ఫలించలేదని జాలిపడేవాళ్లు. ఇప్పుడు సాక్షాత్తూ దేవుడే ఆమెకు వద్దన్నట్టయింది. నలుగురిలో నవ్వుకు భయపడి మొగుడు ఆడిన చిన్న అబద్ధం ఆమె నెత్తిన అంత పెద్ద తీర్పుగా పడింది.

ఒక మధ్యాహ్నం ఎలిజబెత్ వచ్చి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆమెది కుళ్లు కాదు, ప్రేమే, అందుకే ఇంకా మండింది. "కృపా, నీ లోపల దాచిన పాపమేదో ఉండాది. ఆదివారం సంఘం ముందర ఒప్పుకో. భారం దిగిపోతాది" అంది. కృప చెయ్యి లాక్కుని, ఆలోచించుకుంటా వదినా అని మాత్రం అంది. వంటింట్లోకి పోయి గిన్నెలన్నీ తోమినవే మళ్లీ తోమింది.

అక్కడికీ ఊరుకునేదేమో. తన మీద పడ్డ మాటలు మోయడం ఆమెకు కొత్త కాదు. కానీ ఆ గురువారం చిన్నక్క ఎంక్వైరీ కౌంటరు దగ్గరికి వచ్చింది, బండి కోసం కాదు. పక్కన పద్మప్రియ ఉంది. ఆ పిల్లను చూసి కృప గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. మొహం ఉబ్బింది, కళ్ల కింద నీరు చేరింది, నిలబడలేక ఊచలు పట్టుకుంది.

చిన్నక్క గొంతు తగ్గించి అడిగింది. "కృపమ్మా, యొర్దాను నీళ్లు ఇంగ కొంచెం ఉంటే ఇయ్యి. దీనికి రోజూ పరగడుపున తాపిస్తాండా. మాత్రలు ఆపించేసినా. నీళ్లూ మాత్రలూ రెండూ అయితే నమ్మకం లేనట్ల కదా."

ఏం మాత్రలని కృప అడిగింది. థైరాయిడ్‌వి అక్కా, అని పద్మప్రియే చెప్పింది, అనంతపురం డాక్టరు రాసినవి. అవి సరిపడితేనే కడుపు నిలుస్తుందన్నాడట. మొగుణ్ణి కూడా పరీక్షకు రమ్మన్నాడట. చిన్నక్క మధ్యలోనే అందుకుంది, మగవాడికి పరీక్షేందని. వెనక జనం తోసుకుంటున్నారు, కాచిగూడ బండి ఎప్పుడని ఎవడో అరుస్తున్నాడు. కృప ఆ ఊచల మీద ఉన్న వేళ్లు చూస్తూ ఉండిపోయింది. తన ఇంటి డ్రమ్ములోని నీళ్లు ఈ పిల్ల ఒంట్లోకి రోజూ పోతున్నాయి, మందు బదులు.

"నీళ్లు లేవత్తా. ఆదివారం చర్చికి దీన్నీ, వీరేష్‌నీ తోడుకోని రా. మాట్లాడాల" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో కేకలేమీ లేవు. కేకలు వేసే స్థితి దాటిపోయింది. జయచంద్ర అన్నం ముందు కూర్చుని ఉండగా కృప చెప్పింది, పద్మప్రియ సంగతి, సీసా సంగతి, ఆదివారం తను లేచి నిలబడబోయే సంగతి. అతను కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఆ పిల్లకు అట్లయితాదనుకోలేదే అని చాలాసేపు తనలో తనే అన్నాడు. నీళ్ల సంగతి చెప్పమన్నాడు, బ్యాంకాక్ సంగతీ చెప్పమన్నాడు. తర్వాత చేతులు జోడించాడు.

"ఆ ఒక్కటి చెప్పొద్దు కృపా. షెడ్డులో తలెత్తుకొని తిరగలేను."

కృపకు జాలేసింది, ఒళ్లూ మండింది. "నీది నేను చెప్పను. అది నీ నోట్లోంచి రావాల్సిందే గానీ నా నోట్లోంచి కాదు" అంది. "కానీ నా మీద వేసుకోను ఇంగ. ఇన్నేండ్లు మోసినా. ఎవురన్నా అడిగితే నాది కాదంటా. ఆ తర్వాత నువ్వు ఏం చేస్తావో నీ ఇష్టం."

ఆదివారం చర్చి నిండిపోయింది. కృప ఒప్పుకుంటుందన్న మాట ముందే పాకింది. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాళ్లు కూడా పాట మొదలవకముందే చాపల మీద కూర్చున్నారు. ఎలిజబెత్ తెల్లచీర కట్టుకుని ముందు వరుసలో ఉంది, చేతిలో రుమాలు సిద్ధంగా ఉంది. సాక్ష్యాల వేళ రాగానే తిప్పేస్వామి సహోదరి కృపాకుమారిని మన మధ్యకు ఆహ్వానిద్దామంటూ మైకు అందించాడు.

మైకు కీచుమంది. కృప దాన్ని మూతికి దూరంగా పట్టుకుంది. రోజూ ప్లాట్‌ఫారం గోలను దాటి మాట్లాడే గొంతుకు అది అక్కర్లేదు.

"అందరికీ వందనాలు. దాచిపెట్టింది ఒకటుండాదని నన్ను ఒప్పుకోమన్నారు. ఒప్పుకుంటాండా. మేము యెరూషలేముకు పోలేదు. బ్యాంకాక్ పోయినాం. ఆడ ఆసుపత్రిలో బిడ్డ కోసం వైద్యం చేయించుకున్నాం."

ఒక్కసారిగా గుసగుసలు లేచాయి. మగవాళ్ల వైపు ఎవరో బ్యాంకాకే అని సాగదీశారు, ఇంకెవరో నవ్వారు. కృప అటు తిరిగింది. ఆ నవ్వుకు భయపడే ఈ అబద్ధం పుట్టిందని, ఇంకా నవ్వేవాళ్లుంటే కానిచ్చుకోండని, తనకు తొందరేమీ లేదని చెప్పి నిలబడింది. నవ్వినవాడు దగ్గి ఊరుకున్నాడు.

ఎలిజబెత్ లేచింది. రుమాలు కింద పడిపోయింది. ఆ గోపురం తను కళ్లారా చూశానని, తమ్ముడు అబద్ధమాడడని అంటోంది. ఆ ముసలావిడను చూసి కృపకు నిజంగానే ప్రాణం విలవిల్లాడింది. కానీ ఆగలేదు. అది యెరూషలేము కాదు వదినా అంది. అక్కా అని పిలిచి నిజం చెప్పే ధైర్యం నీ తమ్ముడికి లేకపోయింది, నాకు ఉన్నా నోరు మూసుకున్నాను, నిన్ను మోసం చేసినందుకు మాత్రం క్షమాపణ అడుగుతున్నాను అంది.

"మరి నీళ్లు?" చిన్నక్క చాప మీద నుంచే అడిగింది.

"మా ఇంటి డ్రమ్ములోవి అత్తా. నువ్వు పట్టుకునే కొళాయి నీళ్లే. నీ కోడలికి తాపిస్తాండేది అవే. దాని మాత్రలు ఈ పొద్దే మళ్లీ మొదలుపెట్టు. దాని మొహం చూడు ఒకసారి, ఎట్లయిందో."

అందరూ పద్మప్రియ వైపు తిరిగారు. ఆ పిల్ల కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తిప్పేస్వామికి చెమటలు పట్టాయి. మంచివాడే, కానీ గొడవంటే పడదు. కళ్లు మూసుకుని ప్రార్థించుకుందాం అని చేతులెత్తాడు. అలవాటుకొద్దీ సగం మంది కళ్లు మూసుకున్నారు కూడా.

"ఇంకా అయిపోలేదు అయ్యగారూ. కండ్లు తెరుచుకోనే వినండి" అంది కృప. "వైద్యం చేసినారు, అంటుకోలేదు. ఒక్కోసారి అంటుకోదంట, డాక్టరు చెప్పింది. మీరేమో దేవుడే కాదన్నాడంటాండారు. నాకు దేవుడు ఏమీ చెప్పలేదు. మీకు చెప్పినాడా? చెప్పింటే ఎవురికి చెప్పినాడో లేసి నిలబడండి."

ఎవరూ లేవలేదు. బయట గూడ్సు బండి ఒకటి పోతోంది, చివరి పెట్టె దాటేదాకా ఆగి కృప మళ్లీ అందుకుంది.

"ఇంగొకటి ఆడనే దాచినారు. మళ్లీ పోతాం. ఈసారి ఆసుపత్రికని చెప్పే పోతాం. అది కూడా అంటుకోకపోతే ఇంటికొచ్చి ఏడుస్తా. ఏడ్చి మళ్లీ డ్యూటీకి పోతా. అంతేగానీ పాపమనీ, గొడ్రాలనీ ఎవురన్నా అంటే ఇంగ నేను పడను. మూలన కూర్చోను కూడా."

చిన్నక్కకు కోపం ఆగలేదు. పరువు పోయిందో, మనవడి మీద పెట్టుకున్న ఆశే పోయిందో, గొంతు చించుకుని అడిగింది, ఎన్ని చెప్పినా లోపం నీ కడుపులోదే కదా అని.

"కాదు" అంది కృప.

అంతకుమించి ఒక్క మాట అనలేదు. మైకు పాస్టరు చేతికిచ్చేసింది. ఆమెది కాకపోతే ఎవరిదో లెక్క వేసుకోవడానికి ఆ చర్చిలో ఎవరికీ చదువు అక్కర్లేదు. తలలు ఒక్కొక్కటే మగవాళ్ల వైపు తిరగడం మొదలైంది. కృప మాత్రం అటు చూడలేదు. మాట ఇచ్చింది కాబట్టి చూపుతో కూడా చెప్పకూడదనుకుంది. కూర్చోనూ లేదు.

అప్పుడు పద్మప్రియ లేచింది. చిన్నక్క చీర పట్టుకుని లాగితే కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. ఆ పిల్ల గొంతు ఆ చర్చిలో పాటలో తప్ప ఎవరూ విని ఉండరు.

"అక్కా, మగోళ్లకు చేసే పరీక్ష యాడ చేస్తారు?"

వీరేష్ తల దించుకున్నాడు. ఎలిజబెత్ చెవులు మూసుకుంది. కృప నోరు తెరిచి, మళ్లీ మూసేసింది. బళ్లారి అని చెబితే అది అతని కథే అయిపోతుంది. పద్మప్రియ జవాబు కోసం నిలబడే ఉంది, ఉబ్బిన మొహంతో, అందరి చూపులూ తన మీదే ఉన్నా కూర్చోకుండా.

మగవాళ్ల వైపు చాప మీద ఎవరో లేచిన చప్పుడైంది.

"బళ్లారిలో చేస్తారమ్మా" అన్నాడు జయచంద్ర. గోడకు చెయ్యి ఆనించుకుని మళ్లీ అన్నాడు. "నాకు ఆడనే చేసినారు. లోపం నాది. ఆమెది కాదు, ఎప్పుడూ కాదు. మీరంతా ఆమెను అంటాంటే నేను పక్కనే కూర్చోని విన్నా."

తర్వాత వీరేష్ దగ్గరికి నడిచిపోయాడు. అంతమంది చూస్తుండగా అతని ముందు చాప మీద గొంతుక్కూర్చుని, రేపు నాకు రెస్టు, పొద్దుటి ప్యాసింజరుకు పోదాం, పరీక్ష కాడ నేను పక్కనే ఉంటాలే అన్నాడు. వీరేష్ తల్లి వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. చిన్నక్క ఏదో అనబోయింది.

"నువ్వు ఊరికుండు మా" అన్నాడు వీరేష్. "వస్తాన్నా."